ఎక్కువసేపు నిద్రపోతే కాలం వృథా అయినట్లేనా?



ఫజర్ నమాజు చేసుకుని తిరిగి పడుకున్న కోడలిని చూసి, "ఇలాగైతే ఇంట్లో బర్కత్ ఎలా ఉంటుంది?" అని అత్తగారు అనటం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. ఆ అమ్మాయి రాత్రి మూడుసార్లు లేచి చంటిబిడ్డకు పాలిచ్చిన సంగతి ఆమెకూ తెలుసు. అదే ఇంట్లో కొడుకు రాత్రి రెండింటి దాకా సెల్‌ఫోన్ చూసి, ఫజర్ పోగొట్టుకుని, తొమ్మిదింటికి లేస్తాడు. "పాపం, చదువుకునే పిల్లాడు, పడుకోనివ్వండి" అంటాం. ఈ ఇద్దరిలో కాలం వృథా చేసిందెవరు?

అసలు నిద్రను సోమరితనం పద్దులో రాసే హక్కు మనకు లేదు. నబా సూరాలో అల్లాహ్ నిద్రను మనకు విశ్రాంతిగా చేశానని తెలియజేశాడు. రూమ్ సూరాలో భూమ్యాకాశాల సృష్టిని, మన భాషల్లో, రంగుల్లో ఉన్న వైవిధ్యాన్ని పేర్కొన్న వెంటనే, మనం రాత్రీ పగలూ పోయే నిద్రను కూడా తన సూచనల్లో చేర్చాడు. రాత్రి నిద్రే కాదు, పగటి నిద్ర కూడా!

హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు జరిగిన సంఘటన చూడండి. రాత్రంతా ప్రయాణించి అలసిపోయిన దైవప్రవక్త (స) ఒకచోట ఆగారు. ఫజర్ వేళకు లేపే బాధ్యతను హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించి విశ్రమించారు. బిలాల్ (రజి) కొంతసేపు నమాజు చేశారు, తర్వాత తెల్లవారే దిక్కుకు తిరిగి ఒంటెకు ఆనుకుని కూర్చున్నారు. ఆయనకూ కన్ను అంటుకుంది. ఎండ వేడి తగిలేదాకా ఎవరికీ మెలకువ రాలేదు. మిమ్మల్ని ఆవరించినదే నన్నూ ఆవరించిందని బిలాల్ (రజి) విన్నవించుకుంటే, ఆయన్ని ఎవరూ దూషించలేదు. అక్కడినుంచి కాస్త ముందుకు సాగి, సామూహికంగా ఆ నమాజు నెరవేర్చారు. ఇటువంటి సందర్భంలోనే, నిద్రలో ఉన్నవాడి మీద నిర్లక్ష్యం నింద ఉండదనీ, మెలకువగా ఉండి నమాజు వేళను దాటవేయటమే నిర్లక్ష్యమనీ దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఉల్లేఖించారు.

ఇది విని మన కుర్రాళ్లు సంతోషపడనక్కర్లేదు. ఆ రాత్రి పడుకోబోయే ముందు లేపే ఏర్పాటు జరిగిందని గమనించండి. అలారం పెట్టకుండా, రెండింటి దాకా మేలుకుని, "నిద్ర పట్టేసింది" అనటం బిలాల్ (రజి) చెప్పిన సమాధానం కాదు. అతని లెక్క తొమ్మిదింటికి లేవటం దగ్గర కాదు, రాత్రి మేలుకున్న ఆ నాలుగు గంటల దగ్గర మొదలవుతుంది. ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తర్వాత కబుర్లనూ దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. మన కబుర్లు ఇప్పుడు ఫోన్‌లోకి చేరాయి, అంతే తేడా.

ఎంతసేపు పడుకోవాలి? దావూద్ ప్రవక్త (అలై) రాత్రిలో సగభాగం నిద్రించి, మూడోవంతు ఆరాధనలో గడిపి, మళ్లీ ఆరోవంతు నిద్రించేవారనీ, అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన రాత్రి నమాజు అదేననీ హదీసులో ఉంది. తొమ్మిది గంటల రాత్రి అనుకుంటే ఆరు గంటలు నిద్రే! రాత్రంతా నమాజులో నిలబడాలనుకున్న హజ్రత్ అబూ దర్దా (రజి)ను హజ్రత్ సల్మాన్ (రజి) రెండుసార్లు పడుకోబెట్టి, రాత్రి చివరి భాగంలో లేపి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. సల్మాన్ చెప్పింది నిజమేనని దైవప్రవక్త (స) సమర్థించారు. నేటి వైద్యులు పెద్దలకు కనీసం ఏడు గంటలు, 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు అవసరమంటున్నారు. తగినంత పడుకున్నా రోజంతా మగతగా ఉంటే అది గద్దించాల్సిన విషయం కాదు, వైద్యుడికి చూపించాల్సిన విషయం.

ఉదయ వేళలో తన సమాజానికి శుభం కలగాలని దైవప్రవక్త (స) దుఆ చేసిన మాట వాస్తవమే. ఆ దుఆను ఉల్లేఖించిన హజ్రత్ సఖ్ర్ (రజి) తన సరుకును పొద్దున్నే పంపి సంపన్నులయ్యారు కూడా. అది మనల్ని ప్రోత్సహించే దుఆ. బాలింత మీద విసిరే రాయిగా దాన్ని మార్చింది మనమే.

అత్తగార్లకు మా విన్నపం ఒక్కటే. రేపు ఫజర్ తర్వాత బిడ్డను మీరు ఎత్తుకోండి, ఆ అమ్మాయిని రెండు గంటలు పడుకోనివ్వండి. కొడుకు ఫోన్‌ను మాత్రం ఇషా కాగానే ముందుగదిలో ఛార్జింగ్‌కు పెట్టించండి. అబ్బాజాన్ ఫోన్ కూడా దాని పక్కనే.