ఆ నలభై నిమిషాలు ఎవరివి?

రథసప్తమి వీడియో చివర్లో నేను కాస్త గొప్పగానే ఒక మాట అన్నాను. ఈ రోజు నుంచి 41 రోజులు, ఒక్క రోజు కూడా మానకుండా సూర్య నమస్కారాలు చేస్తాను, చిన్న పిల్లలున్నా, ఉద్యోగం ఉన్నా టైమ్ దొరుకుతుందని చేసి చూపిస్తాను అని. మండలం పూర్తయింది, ఒక్క రోజు కూడా తప్పలేదు. కానీ ఎలా పూర్తయిందో మీకు చెప్పకపోతే ఆ వీడియో సగం అబద్ధంగా మిగిలిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఎందుకు మొదలుపెట్టానో చెప్తా. డిసెంబర్లో ఆఫీసు వాళ్ళు చేయించే హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. మా నాన్నకి షుగర్ ఉంది, తాతకీ ఉండేది. నాకింకా ముప్ఫై నిండలేదు. మా పాపకి రెండేళ్ళు. డాక్టర్ గారు మందులేమీ రాయలేదు, "రోజూ ఒళ్ళు కదిలించు బాబూ" అన్నారంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే లెక్క కూడా వారానికి కనీసం 150 నిమిషాలే, అదీ చురుగ్గా నడిస్తే చాలు. మనం రీల్స్ చూసే టైమ్‌లో పావు వంతు కూడా కాదు కదా అనిపించింది.

మరి జిమ్ముకి వెళ్ళకుండా సూర్య నమస్కారాలే ఎందుకు? భక్తి ఉంది, నిజమే. మేడ మీదకి వెళ్తే చాలు, ఫీజు లేదు, అదీ నిజమే. మూడో కారణం ఒకటుంది, అది నాకు 42వ రోజు దాకా తెలియలేదు.

నా దినచర్య ఇలా ఉండేది. 5:30కి అలారం. స్నానం, మేడ మీద సూర్యుడికి అర్ఘ్యం, మిత్ర నుంచి భాస్కర దాకా 12 నామాలతో 12 నమస్కారాలు, మళ్ళీ ఇంకో 12, తర్వాత ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోవడం. మొత్తం నలభై నిమిషాలు. కిందికి వచ్చేసరికి ఒళ్ళు తేలికగా, మనసు ప్రశాంతంగా ఉండేది. పాప పాలు తాగేసి ఉండేది. టిఫిన్ బాక్సులు కట్టేసి ఉండేవి. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్‌లో ఆ రోజుకి టిక్ పెట్టుకునేవాణ్ణి. ఆఫీసులో లంచ్ దగ్గర ఇద్దరు ముగ్గురికి క్లాసు కూడా పీకాను, "టైమ్ దొరకదు బ్రో, మనమే తీసుకోవాలి" అని.

తీసుకోవాలి. ఎవరి దగ్గర్నుంచి తీసుకోవాలో మాత్రం నేను ఆలోచించలేదు.

41వ రోజు అయిపోయింది, సాయంత్రం గుడికి వెళ్ళి వచ్చాం. మర్నాడు పొద్దున్న కూడా అలారం మోగింది, అలవాటుగా లేచాను. మా ఆవిడ చీకట్లోనే అడిగింది, "ఇవాళ కూడానా?" అని. "అలవాటైపోయింది, ఇక మానను" అన్నాను సంతోషంగా. తను లేచి కూర్చుంది. "మండలం నువ్వొక్కడివే చెయ్యలేదు. నేనూ చేశాను. నువ్వు మంచం దిగిన పది నిమిషాలకి పాప లేస్తుంది, నీకు తెలుసా?"

నాకు తెలియదు. నేను మేడ మీద ఉండేవాణ్ణి కదా.

తను గొంతు పెంచలేదు. పాపని మళ్ళీ పడుకోబెట్టడానికి అరగంట పడుతుందట. కొన్ని రోజులు పడుకోదట. దాన్ని ఎత్తుకునే పాలు కాచడం, కూర తరగడం. అసలు సంగతి అది కాదు. డెలివరీ అయినప్పటి నుంచి తనకి నడుము నొప్పి. ఫిజియో దగ్గర కొన్ని వ్యాయామాలు నేర్పించి, రోజూ కాసేపు నడవమన్నారు. అంతకు ముందు పొద్దున్నే పాప లేవకముందు హాల్లో చాప వేసుకుని అవి చేసుకునేది. నేను మండలం మొదలుపెట్టిన రోజు నుంచి ఆ చాప అల్మరా పైనే ఉంది.

"మరి చెప్పొచ్చు కదా?" అన్నాను. ఇలాంటప్పుడు మగాళ్ళందరం అనేది అదే అనుకుంటా.

"జిమ్ముకి వెళ్తానంటే చెప్పేదాన్ని. సూర్య నమస్కారాలు అన్నావు, మండలం అన్నావు, వీడియోలో కూడా చెప్పేశావు. దేవుడి పనికి అడ్డం ఎలా పడతాను?"

నా మూడో కారణం అదే. నేను జిమ్ము అనకుండా సూర్య నమస్కారం అన్నది, ఇంట్లో ఎవరూ లెక్క అడగరు కాబట్టి. కావాలని చేశానని అనను. కానీ ఆ సౌకర్యం నాకు బాగా నచ్చింది, అది నిజం. దేవుడి పేరు చెప్తే ప్రశ్న ఆగిపోతుంది. మన ఇళ్ళల్లో ఇది కొత్త కాదు. దీక్షల్లో, ఉపవాసాల్లో చూడండి, నియమం ఒకరిది, ఆ నియమానికి కావాల్సిన వంట, మడి, శుభ్రం ఇంకొకరివి. పుణ్యం లెక్క మాత్రం మొదటి వాళ్ళ ఖాతాలోనే రాస్తాం.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. సూర్యోపాసన మనకి ఎంతో పాతది. కానీ ఈ నమస్కారాలని రోజువారీ వ్యాయామంగా పిల్లలకీ పెద్దలకీ దేశమంతా ప్రచారం చేసింది మాత్రం 1920ల్లో ఔంధ్ సంస్థానం రాజా భవాన్‌రావు పంత్ ప్రతినిధి. ఔంధ్ ఇప్పటి మహారాష్ట్రలో సతారా జిల్లాలో ఉంది. అంటే మనం చేసేది కొంత పూజ, కొంత కసరత్తు. అందులో తప్పేమీ లేదు, నాకు ఆ కలయికే ఇష్టం. నేను చేసిన పని ఏంటంటే, కసరత్తు లాభం నేను ఉంచుకుని, పూజ భాగాన్ని తలుపుకి గడియలా వాడుకున్నాను.

ఆ వారమంతా నా బుర్రలో ఒకటే ప్రశ్న. శరీరాన్ని చూసుకోవడం ధర్మమే కదా, మన పెద్దలే చెప్పారు కదా, మరి నేను చేసింది తప్పెలా అయింది?

శరీరమే ధర్మానికి మొదటి సాధనం అనే మాట మీరు వినే ఉంటారు. ఢిల్లీ ఎయిమ్స్ నినాదం కూడా అదే. అది కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలోది. ఏ సందర్భంలో వస్తుందో మళ్ళీ చూశాను. అక్కడ శివుడు ఒక బ్రహ్మచారి వేషంలో పార్వతి దగ్గరికి వస్తాడు. ఆమె ఘోరమైన తపస్సులో ఉంది. ఆయన కుశల ప్రశ్నలు వేస్తాడు. సమిధలు, దర్భలు దొరుకుతున్నాయా, స్నానానికి నీళ్ళు బాగున్నాయా, నీ శక్తికి తగినంతే తపస్సు చేస్తున్నావా అని. ఆ చివరి ప్రశ్నకి కారణంగా వస్తుంది ఈ మాట. గమనించారా? సోఫాలో పడుకున్నవాణ్ణి లేపడానికి చెప్పింది కాదది. శక్తికి మించి కష్టపడుతున్న ఒక ఆడపిల్లని, నీ ఒళ్ళు చూసుకుంటున్నావా తల్లీ అని అడిగిన మాట. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరిని అడగాలి? మేడ మీద ప్రశాంతంగా పడుకున్న నన్నా? పిల్లని చంకనేసుకుని, నడుము పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషినా?

41 రోజుల్లో నేను ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తనని అడగలేదు.

గీత మూడో అధ్యాయం 12వ శ్లోకంలో ఇంకా గట్టి మాట ఉంది. దేవతలు ఇచ్చినవి అనుభవిస్తూ వాళ్ళకి తిరిగి ఏమీ ఇవ్వనివాడు దొంగ అంటాడు కృష్ణుడు. స్వార్థపరుడు అని మెత్తగా వదిలెయ్యలేదు, దొంగే. యజ్ఞం అంటే ఒక చక్రం, తీసుకున్నది ఏదో రూపంలో తిరిగి వెళ్ళాలి. నేను దీన్ని ఎప్పుడూ దేవుడికీ నాకూ మధ్య లెక్కగానే చదివాను, అర్ఘ్యం వదిలితే సరిపోయింది అనుకున్నాను. రోజుకి నలభై నిమిషాల చొప్పున 41 రోజులకి 27 గంటల 20 నిమిషాలు. ఆ టైమ్ నాకు సూర్య భగవానుడు ఇవ్వలేదు. పక్క గదిలోంచి వచ్చింది. తిరిగి వెళ్ళింది సున్నా.

అలాగని వ్యాయామం మానెయ్యలేదు. ఆ ఆలోచన వచ్చింది, నిజం చెప్తున్నా. రెండు రోజులు త్యాగమూర్తిలా మొహం పెట్టుకుని తిరిగాను. అది ఇంకో రకం నాటకమని మా ఆవిడే తేల్చేసింది. "నీకు షుగర్ వస్తే ఇంజెక్షన్లు గుర్తుపెట్టుకోవాల్సింది కూడా నేనే. చెయ్యి. కానీ నన్నూ చెయ్యనివ్వు."

ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు పొద్దున్న నావి. సోమ, బుధ, శుక్రవారాలు తనవి. తన రోజున పాప, పాలు, టిఫిన్, బాక్సులు అన్నీ నావే. ఆదివారం ముగ్గురం కొత్తగూడ దగ్గర బొటానికల్ గార్డెన్‌కి వెళ్తాం, కనీసం వెళ్ళాలని అనుకుంటాం. ఈ మాట రాయడం తేలిక. మొదటి సోమవారమే నాకు అమెరికా వాళ్ళతో కాల్ రాత్రి పన్నెండున్నర దాకా సాగింది, పొద్దున్న 5:40కి పాప ఏడుపు. ఉప్మా అడుగంటింది. పాప బాక్సులో పండు పెట్టడం మర్చిపోయా. మేడ మీద నేను అనుభవించిన ప్రశాంతత ఎంత ఖరీదైనదో ఆ రోజు తెలిసింది.

ఫోన్‌లో నా వరస తెగిపోయింది, 41 నుంచి సున్నాకి వచ్చింది. దానికి నేను బాధపడ్డానంటే మీరు నవ్వుతారు. కానీ పడ్డాను. ఒక్క రోజు కూడా తప్పకూడదు అనేది ఒంటరిగా ఉండేవాళ్ళకి బాగా కుదిరే నియమం. తాలింఖానా గోడ మీద ఆంజనేయస్వామి బొమ్మ చూసి మనం స్ఫూర్తి తెచ్చుకుంటాం, మంచిదే, కానీ స్వామి బ్రహ్మచారి, ఆయనకి 8:10కి డేకేర్‌లో దించాల్సిన పిల్ల లేదు. గృహస్థు నియమం వేరేగా ఉండాలేమో. మన ఆయుర్వేదం కూడా ఇక్కడ చాలా సౌమ్యంగా మాట్లాడుతుంది. సుశ్రుతుడు, వాగ్భటుడు ఇద్దరూ వ్యాయామం సగం బలం వరకే చెయ్యమన్నారు. మిగతా సగం ఎందుకు దాచమన్నారో వాళ్ళ వైద్య కారణాలు వాళ్ళకున్నాయి. నాకు మాత్రం అది ఉప్మాకి, పాపని ఎత్తుకోవడానికి అని అర్థమైంది.

ఇంకో సంగతి తేలలేదు, దాచకుండా చెప్తాను. మా ఇద్దరికీ ఈ సర్దుబాటు కుదరడానికి కారణం మేం ఇద్దరం ఉండటం, పైగా మా ఇంట్లో పనిచేసే ఆవిడ 6:30కే రావడం. భర్త వేరే ఊళ్ళో ఉన్న తల్లులు, ఒంటరిగా పిల్లల్ని పెంచేవాళ్ళు ఎవరితో వంతులు వేసుకుంటారు? తల్లిదండ్రులు దగ్గరుంటే వాళ్ళ మీద వేస్తారు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ మనవడి వెనక పరిగెత్తుతుంది. నా దగ్గర దీనికి జవాబు లేదు.

ఆవిడ సంగతే చూడండి. మా అపార్ట్‌మెంట్‌లోనే ఐదిళ్ళు చేస్తుంది. మేడ మెట్లు ఎక్కుతూ దిగుతూ నేను నెల రోజులు ఎదురుపడ్డాను, ఒకసారి నవ్వుతూ అడిగింది కూడా, "ఏం సార్, పొద్దున్నే కసరత్తా?" అని. ఆవిడకి మూడో తరగతి చదివే కొడుకున్నాడు. వాడిని పొద్దున్న ఎవరు లేపుతారో మేం ఎప్పుడూ అడగలేదు. పోయిన వారం ఆవిడే అడిగింది, "అమ్మా, నేను 7:15కి రావచ్చా, పిల్లోణ్ణి బడికి తయారు చేసి వస్తా" అని. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ ముప్పావు గంటలో గిన్నెలు ఎవరు తోమాలో ఇద్దరికీ అర్థమైంది. అది బుధవారం, అంటే తన రోజు.

సరేనన్నాం. ఇప్పుడు రాత్రి కాల్ అయ్యాక గిన్నెలు నేను తోమేస్తున్నాను. పెద్ద కుక్కర్ మాత్రం పొద్దున్నకి నానబెడుతున్నా.