సార్థవాహ ధర్మము – హరూరు బజారు

శ్రమణ భగవంతుడగు మహావీరస్వామి కాలమున పోలాసపురమను నగరమునందు సద్దాలపుత్రుడను కుమ్మరి యుండెను. కుమ్మరి యనగానే ఒక సారె, ఒక ఆవము గల పేదవాడని తలంపరాదు. నగరము వెలుపల అతనికి ఐదువందల కుండల అంగళ్లుండెనని ఉపాసకదశాంగ సూత్రము చెప్పుచున్నది. ఒక కోటి ధనము నిధియందు, ఒక కోటి వ్యాపారమందు, ఒక కోటి గృహ పరికరములందు ఉండెనట. కూలివారు తెల్లవారగనే వచ్చి కుండలు, బానలు, కూజాలు చేయుదురు. మరికొందరు వానిని రాజమార్గమున అమ్ముదురు. ఇంతటి వ్యాపారి మతము మాత్రము ఆజీవక మతము. జరుగవలసినది జరిగియే తీరును, మనుష్య ప్రయత్నమునకు ఫలములేదు అనునది ఆ మతసారము.

ఒకనాడు అతడు పచ్చికుండలను ఎండబెట్టుచుండగా స్వామి చూచి, ఈ కుండ ఎట్లు తయారైనదని అడిగెను. మన్ను తెచ్చి, నీటితో తడిపి, బూడిద, పేడ కలిపి, సారెపై పెట్టితిమని అతడు చెప్పెను. అట్లయిన ఇది ప్రయత్నముచే నైనదా, ప్రయత్నము లేకయే యైనదా యని స్వామి ప్రశ్నించెను. తన మతము తప్పరాదు గనుక, ప్రయత్నము లేకయే యైనది, సర్వము నియతమని కుమ్మరి పలికెను. ఎవడైన వచ్చి ఈ కుండలను దొంగిలించినను, పగులగొట్టినను, నీ భార్యయగు అగ్నిమిత్రను అవమానించినను ఏమి చేయుదువని స్వామి మరల అడిగెను. కొట్టుదును, కట్టివేయుదును, ప్రాణమైనను తీయుదునని సద్దాలపుత్రుడు ఉద్రేకించెను. సర్వము నియతమైనప్పుడు ఆ దొంగ చేసిన తప్పేమి, నీ కోపమునకు ఆధారమేమి యని స్వామి శాంతముగా ననెను. కుమ్మరికి కన్నులు తెరువబడెను. అతడును, అతని భార్యయు శ్రావక వ్రతములు స్వీకరించిరి.

సాయంకాలము హరూరు బజారువీథిలో గల్లాపెట్టె ముందు కూర్చున్న వర్తకుల మాటలు విన్నవారికి పోలాసపురము జ్ఞాపకము రాకమానదు. కాలము మారినదందురు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దైనవి, 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినది, 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి అంగళ్లు మూయించినది, అది తీసివేసిన పిమ్మట పిల్లలు సెల్‌ఫోనులోనే చొక్కా మొదలు చెప్పులవరకు తెప్పించుకొనుట నేర్చిరి అందురు. పెండ్లిబట్టలకు సేలమునకో, ధర్మపురికో బస్సెక్కుదురు. ఇంక ఈ ఊరి అంగడికి మిగిలినదేమి, అంతయు కర్మ అని నిట్టూర్పు విడుతురు.

ఇది కర్మసిద్ధాంతము కాదు. జైనుని నోట వచ్చుచున్న ఆజీవక మతము. కాలము, స్వభావము, నియతి, పూర్వకర్మ, పురుషార్థము అను ఐదింటి కలయికచే కార్యము జరుగునని పెద్దలు చెప్పిరి. ఐదింటిలో ఒక్కదానినే పట్టుకొని తక్కిన నాలుగింటిని విడుచుట ఏకాంతవాదము. కాలము మారినదనుట అసత్యము కాదు, కాలమొక్కటే కారణమనుట అసత్యము. కాలదోషమని చెప్పు వర్తకుడే, అరువు ఖాతాలో వేయిరూపాయలు ఎగవేసినవానిని కాలదోషమని విడిచిపెట్టునా?

ఈ ప్రాంతము కాలపు మార్పులను ఎన్నో చూచినది. 1906లో మొరప్పూరునుండి ధర్మపురికి న్యారో గేజి రైలుమార్గము వేసిరి. పిదప హోసూరు వరకు పొడిగించిరి. 1941లో దానిని ఎత్తివేసిరి. సేలము జిల్లాలో నుండిన ఈ తాలూకా 1965 అక్టోబరు 2న క్రొత్తగా ఏర్పడిన ధర్మపురి జిల్లాలో చేరినది. రైలు వచ్చుట, పోవుట హరూరు వర్తకుని చేతిలో లేదు. అతని చేతిలో నున్నది తక్కెడ. తీర్థమలై వైపునుండియు, చిత్తేరి కొండలనుండియు వచ్చు రైతును అంగడిలో ఎట్లు పిలిచి కూర్చుండబెట్టుదుమనునది అతని చేతిలో నున్నది. చింతపండు, పసుపు, ప్రత్తి, కర్రపెండలము అమ్మి నాలుగు రూపాయలు చేత పట్టుకొన్న రైతే ఈ బజారునకు ప్రాణము. వాన తప్పిన యేట బట్టల కొట్టునకును కరవే.

బజారు చిక్కిపోయిన, లాభము తగ్గుటయే కదా, పిల్లలు బెంగుళూరిలోనో, చెన్నైలోనో సుఖముగానే యున్నారు గదా యని కొందరందురు. శ్రావకుడు ఇచట ఒక్కక్షణము ఆగవలెను. సాధుసాధ్వులు పాదచారులై విహరింతురు. వారి గోచరికి నలువదిరెండు దోషములు లేని ఆహారము కావలెను. వారికొరకై వండినది దోషము. దూరమునుండి వారున్న చోటికి తెచ్చి యిచ్చినదియు దోషమే. కావున సేలమునుండి కారులో క్యారియరు తెచ్చి ఈ కొరతను తీర్చుటకు వీలులేదు. తమకొరకు తాము వండుకొను శ్రావక గృహములు దారిలోని ఊళ్లలో ఉండవలెను. అంగడి మూతపడిన గృహము కదలును. గృహములు కదలిన ఊరు విహారమార్గమునుండి జారిపోవును. ఒకసారి జారిన ఊరిలో మరల పాఠశాల, స్వాధ్యాయము నిలుచుట కష్టము. బజారువీథిలో దించిన ప్రతి షట్టరునకును ఈ లెక్క యున్నది.

ఈ నేలకు ఈ సంబంధము క్రొత్తది కాదు. ధర్మపురికి పూర్వము తగడూరని పేరు. క్రీ.శ. 9వ శతాబ్దిలో నిధియణ్ణ, చండియణ్ణ అను వర్తకపుత్రులిరువురు తగడూరులో జైనబసది కట్టించిరని, నొళంబరాజు మహేంద్రుడు దానికై మూలపల్లి గ్రామమిచ్చెనని శిలాశాసనము చెప్పుచున్నది. ఆ గ్రామమును నిధియణ్ణ తన యింట ఉంచుకొనలేదు. బసది మరమ్మతులకు, పూజకు కనకసేన సిద్ధాంత భట్టారకుల కప్పగించెను. బేరము చేసిన చేతులే బసదిని నిలిపినవి.

ఇక ప్రయత్నమెట్టిది? ఆగమములు మహావీరస్వామిని మహాసార్థవాహుడని కీర్తించుచున్నవి. సార్థవాహుడనగా బండ్లబిడారును నడుపు వర్తకనాయకుడు. త్రిలోకపూజ్యునకు వర్తకుని పేరు పెట్టుటకు కారణము జ్ఞాతాధర్మకథాంగములోని ధన్య సార్థవాహుని కథ చూచిన తెలియును. చంపానగరమునుండి అహిచ్ఛత్రకు సరకుతో బయలుదేరునప్పుడు ధన్యుడు ఊరంతట చాటింపు వేయించెను. రాదలచిన వారెల్లరు రావచ్చును. గొడుగు లేనివారికి గొడుగు, చెప్పులు లేనివారికి చెప్పులు, దారి బత్తెము లేనివారికి బత్తెము ఇత్తుననెను. దారిలో జబ్బుపడినవానికి చికిత్స చేయింతుననెను. అతడు వెఱ్ఱివాడు కాడు. అడవిదారిన ఒంటరిబండి దొంగలపాలగునని, నూరుబండ్లు కలిసిన దారియే వ్యాపారమార్గమగునని ఎరిగినవాడు.

బజారువీథియు బిడారే. అందు ముందుబండి పెద్ద బట్టలకొట్టు, నగలకొట్టు. వెనుకబండ్లు పూలమ్ము ఆమె, ఆకుకూరల ముసలమ్మ, తాళముచెవులు చేయువాడు, కుట్టుమిషను పెట్టుకొన్న దర్జీ. ఎవరును ఒక్క చీరకొరకు ప్రతిదినము బజారునకు రారు. పూలకు, కూరలకు, మందులకు వచ్చినవారు చీర చూతురు. అరుగు శుభ్రముగా కనబడవలెనని పూలగంపను తరిమినవాడు తన గిరాకీనే తరిమినాడు. తాను మాత్రము అరుగుపైనను, దారిపైనను అట్టపెట్టెలు పేర్చి, మోటారుసైకిలు నిలుపుకొనును. స్త్రీలు పిల్లలతో నడుచుటకు చోటులేని వీథిని విడిచి సూపరుమార్కెటునకు పోయినచో ఎవరిని నిందింపవలెను?

1999లో తమిళనాట ఉళవర్ సందైలు, ఆంధ్రదేశమున రైతుబజారులు ప్రారంభమైనప్పుడు, రైతు నేరుగా అమ్మిన వర్తకుడు చెడునని కొందరు భయపడిరి. కాని రైతు చేతికి రొక్కము వచ్చిన చోట, తిరుగుదారిలో ఆ రొక్కము ఉప్పుకు, నూనెకు, బట్టకు చేరును. పొరుగువాని లాభమును తన నష్టముగా వ్రాసికొను చిట్టా ఎక్కడను నిలువలేదు. జీవుల కార్యము పరస్పరోపకారమని తత్త్వార్థసూత్రకారుడు బోధించినది ఉపాశ్రయములో వినుటకు మాత్రమే కాదు.

ధన్యుని కథలో ఇంకొక భాగమున్నది. అడవి నడుమ నందిఫల వృక్షములు వచ్చును. నీడ చల్లనిది, పండు తీయనిది, తిన్నవానికి మరణము. దూరముగా నుండుడని ధన్యుడు ముందే చాటించెను. విన్నవారు అహిచ్ఛత్ర చేరిరి, రుచికి లోబడినవారు అడవిలోనే పడిరి. బజారునకును నందిఫలములు గలవు. ధరచీటీని ముందు హెచ్చించి పిదప సగము తగ్గింపని బోర్డు కట్టుట ఒకటి. బిల్లులేని సరకు ఇంకొకటి. కందిపప్పులో వేరు పప్పు కలుపుట మరొకటి. అస్తేయాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో తప్పుడు తూనికలు కొలతలు, మేలిసరకుపేర నాసిసరకు అమ్ముట స్పష్టముగా చెప్పబడినవి. శ్రావకుడు ప్రతిక్రమణములో వీనిని నోట ఉచ్చరించును, ఉదయము కాటా ముందు కూర్చుండును. ఏటేటా ఇన్‌స్పెక్టరు ముద్రవేయు కాటాలో ఆ రెండు గంటలు కలిసినవో లేదో అతడే చూచుకొనవలెను. దూరపు కంపెనీ ధర తగ్గింపగలదు. కొనువాని కన్నుల ముందు తూచి, మొగ్గు చూపి, బాగులేనిచో మారుమాటలేక తిరిగి తీసికొను అంగడిని అది తేలేదు. చిన్న ఊరి వర్తకునకు మిగిలిన పెట్టుబడి అదియే.

అహింసావ్రతమునకు అతిభారారోపణము ఒక అతిచారము. ఎద్దుపై అధికభారము వేయుటయని అర్థము చెప్పి ముగింతురు. ఎద్దులబండ్లు పోయినవి గనుక దోషమును పోయినదని తలంపరాదు. ఉదయము తొమ్మిదింటినుండి రాత్రి తొమ్మిదివరకు బట్టలకొట్టులో నిలుచుండి చీరలు విప్పి మడుచు ఆడపిల్ల కాళ్లపై నున్నది ఏ భారము? అంగళ్లలో పనివారు కూర్చుండుటకు ఆసనములు ఉండవలెనని తమిళనాడు శాసనసభ 2021లో చట్టము చేసినది. మహావీరుని అనుయాయులకు ఈ విషయము చట్టము వచ్చిన పిదప తెలియుట అంత గౌరవము కాదు. కూర్చుండి లేచిన పిల్ల గిరాకీతో నవ్వుచు మాటలాడును, ఇది లౌకిక లాభము.

తాకట్టు వ్యాపారము గురించియు ఒక మాట అవసరము. వానలేని యేట మంగళసూత్రము తెచ్చిన రైతుభార్యకు వడ్డీ లెక్క తెలియపరచక, గడువు దాటగనే నగను వేలమునకు పంపినవాడు ఒక నగను గెలిచి ఒక ఊరిని పోగొట్టుకొనును. ఆ ఊరివారు పెండ్లికి బంగారము కొననెంచినప్పుడు సేలము బస్సే ఎక్కుదురు. పరిగ్రహ పరిమాణము పుచ్చుకొన్నవాడు ఇంటిలోని బంగారమునకు మాత్రమే కాక వడ్డీకిని హద్దు పెట్టుకొనిన మేలు.

పాతబజారు మరల లేచుట అసాధ్యము కాదు. హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్టు మట్టిపట్టి జీర్ణించియుండగా, రాతికమానులను, గడియారపు గోపురమును బాగుచేసి 2020లో మరల తెరచిరి. అది ప్రభుత్వధనముతో జరిగిన పెద్దపని. హరూరు వీథికి అంత అక్కరలేదు. అరుగులు ఖాళీచేయుట, రాత్రి దీపములు, వీథిచివర స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగునీటి పందిలి చాలును. 2021 డిసెంబరులో ప్రభుత్వము పసుపుసంచి వాడుడని ప్రచారము మొదలిడినది. అంగళ్లన్నియు కలిసి ఒకే సంచి కుట్టించినచో ప్లాస్టికు తిని చచ్చు ఆవులును బ్రతుకును, దర్జీకిని పని దొరకును. మూసియున్న కొట్ల యజమానులలో శ్రావకులున్నచో, ఖాళీగా నుంచిన గదికి పాత అడ్వాన్సే కావలెనని పట్టుబట్టక, తొలి ఆరునెలలు సగము బాడుగకు ఒక క్రొత్త కుఱ్ఱవానికి, అతడు ఏ కులమువాడైనను, ఇచ్చి చూడవచ్చును. ధన్యుని చాటింపులో కులము అడుగలేదు.

సంవత్సరి ప్రతిక్రమణమైన మరునాడు క్షమాపణలు జరుగును. ఇప్పుడవి ఎక్కువగా సెల్‌ఫోనులో దూరపు బంధువులకు పోవుచున్నవి. ధరలపోటీలో మాటలు మానుకొన్న ఎదుటి కొట్టువాడు, అరుగు దిగిపొమ్మనిపించుకొన్న పూలమ్ము ఆమె, పసుపుబస్తా తూనికలో తగవుపడి వెళ్లిపోయిన కొండరైతు, వీరి పేర్లు ఆ జాబితాలో కానరావు. ఎదుటి కొట్టునకు పది అడుగులు. మిగిలిన యిరువురు సంతనాడు తామే వీథిలోనికి వత్తురు.