పరిగె ఏరినవాడూ, గోడ దూకినవాడూ

ఇంగ్లండులో, స్కాట్లండులో వయసు మళ్ళిన మగవాళ్ళు చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు ఒక ముచ్చట తరచు వినిపిస్తుంది. శనివారం మధ్యాహ్నం ఊళ్ళో ఫుట్‌బాల్ ఆట. జేబులో చిల్లిగవ్వ లేదు. మైదానం గోడ ఎక్కడ పొట్టిగా ఉందో, కంచె కింద మట్టి ఎక్కడ తోడి ఉందో, ఏ గేటు దగ్గరి మనిషికి చూపు ఆనదో ఆ వీధి కుర్రాళ్ళందరికీ తెలుసు. ఒకడు వంగుతాడు, ఇంకొకడు వాడి వీపు మీద కాలు మోపి గోడెక్కుతాడు. చొక్కా చిరుగుతుంది, మోకాలు చెక్కుకుపోతుంది. ఆట మాత్రం చూస్తారు.

ఈ కథను సిగ్గుపడుతూ చెప్పేవారు అరుదు. చెప్పే తాత కళ్ళలో మెరుపు ఉంటుంది, వినేవాళ్ళు నవ్వుతారు. అదే తాత, కొట్లో బిస్కెట్ల పొట్లం జేబులో వేసుకున్న కుర్రాడి సంగతి చెబితే ముఖం చిట్లిస్తాడు. మన వైపు డబ్బులు తీసుకుని ఆడించే ఫుట్‌బాల్ తక్కువ గనుక మన తాతల కథ టూరింగ్ టాకీసుది. డేరా అంచు ఎత్తి నేల తరగతిలోకి దూరడం. సరదా ఒకటే, సందేహమూ ఒకటే. ఏడవ ఆజ్ఞ దొంగిలించవద్దంటుంది. ఆట చూడ్డానికి దొంగదారిన పోయిన పన్నెండేళ్ళవాడు ఆ ఆజ్ఞ మీరినట్టా, కాదా? జ్ఞానోపదేశం తరగతిలో ఏ గడుసు పిల్లవాడో ఈ ప్రశ్న అడిగితే ఉపదేశి ఏం చెప్పాలి?

ముందు ఆ గేటు సంగతి తెలుసుకుందాం. ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగ్ 1888లో మొదలైంది. 1890లో లీగ్ ఆటలకు కనీస ప్రవేశ రుసుము ఆరు పెన్నీలని నిర్ణయించారు. ఆ నియమం నుంచి స్త్రీలనూ బాలురనూ మినహాయించారు. అంటే కుర్రాళ్ళ దగ్గర తక్కువ తీసుకునే వీలు మొదటి నుంచీ ఉంది. ఇప్పటిలా టెలివిజన్ వాళ్ళిచ్చే కోట్లు లేవు, చొక్కాల మీద కంపెనీల ప్రకటనలు లేవు. 1901లో ఆటగాడి జీతం వారానికి నాలుగు పౌండ్లు మించకూడదని పరిమితి పెట్టారు. ఆ నాలుగు పౌండ్లు కూడా చాలా మటుకు గేటు దగ్గర రాలిన చిల్లరలోంచే రావాలి.

ఆ గేటు మామూలు గేటు కాదు. టర్న్‌స్టైల్ అనే ఇనుప తిరుగుడు గేటు. డబ్బు తీసుకున్న మనిషి కాలితో మీట నొక్కితేనే అది ఒక్కరి మేర తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా లోపలి యంత్రం ఒక అంకె లెక్క వేసుకుంటుంది. జనాన్ని ఒక్కొక్కరిగా పంపడానికి మాత్రమే దాన్ని పెట్టలేదు, గేటు మనిషి చేతివాటాన్ని అరికట్టడానికి కూడా పెట్టారు. సాయంత్రం అంకెకూ డబ్బుకూ పొత్తు కుదరాలి. కప్పు పోటీల్లో గేటు డబ్బు రెండు జట్లూ పంచుకోవాలి గనుక లెక్క మరీ గట్టిది.

అయినా ఆ ఇనుప గేటుకు పైన ఖాళీ ఉంది. తండ్రి తన టిక్కెట్టుకు డబ్బిచ్చి, చిన్న కొడుకును రెండు చేతులా ఎత్తి అవతల దింపేవాడు. కొడుకు లేకపోతే పక్కనున్న ఎవరి పిల్లవాడో, "నన్నూ ఎత్తవా" అని అడిగేవాడు. యంత్రానికి ఆ పిల్లవాడు కనపడడు. గేటు మనిషికి కనపడతాడు, కానీ తల పక్కకు తిప్పుకుంటాడు.

ఇక్కడ ఎవరు ఏం చేసినట్టు? 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం దొంగతనాన్ని నిర్వచిస్తూ, యజమాని న్యాయమైన ఇష్టానికి విరుద్ధంగా అతని సొత్తు తీసుకోవడం అంటుంది. యజమాని సమ్మతి ఉందని సబబుగా భావించగల చోట అది దొంగతనం కాదని కూడా చెబుతుంది. గేటు దగ్గర తల తిప్పుకున్నది యజమాని కాదు, అతని నౌకరు. పరుల సొత్తుతో ఔదార్యం చూపడం తేలికే. పునీత లూకా సువిశేషంలో గృహనిర్వాహకుడు బాకీదారుల పత్రాలు దిద్దించింది తన సొంత డబ్బుతో కాదు గదా! కానీ ఏళ్ళ తరబడి, వారం వారం, వేలమంది కళ్ళెదుట జరుగుతున్న పనిని ఏ క్లబ్బూ ఆపలేదంటే యజమాని కూడా తల తిప్పుకున్నాడనే అనుకోవాలి. అది సమ్మతే.

ఇంతకంటె అందమైన ఆచారం మరొకటి ఉండేది. ఆట ముగియడానికి పావుగంటో ఇరవై నిమిషాలో ఉందనగా, ముందుగా ఇళ్ళకు పోయేవారి కోసం పెద్ద తలుపులు బార్లా తీసేవారు. బయట కాచుకున్న కుర్రాళ్ళు వచ్చేవారికి ఎదురు వెళ్ళి లోపలికి దూరేవారు. ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. ఆ చివరి పావుగంట పేద పిల్లల వాటా అన్నట్టుగా సాగింది. పెద్ద జట్ల ఆటగాళ్ళను ఆ పావుగంటలోనే తప్ప చూడని పిల్లలు ఎందరో.

దీనికి మన భాషలో సరైన మాట ఉంది. పరిగె. కోత అయిన మడిలో రాలిన వెన్నులను పేదవాళ్ళు ఏరుకుంటారు, రైతు చూసీ చూడనట్టు పోతాడు. పొలం అంచుల దాకా కోయవద్దని, మరచిన పన కోసం వెనక్కి పోవద్దని, అది పరదేశికీ అనాథకూ వితంతువుకూ విడవమని మోషే ధర్మశాస్త్రం రైతును ఆదేశించింది. రూతు బోవజు పొలంలో అడుగు పెట్టింది ఆ హక్కుతోనే. అయితే ఆ ధర్మశాస్త్రమే ఏరుకునేవాడికీ ఒక హద్దు గీసింది. పొరుగువాని ద్రాక్షతోటలో కడుపునిండా తినవచ్చు గాని గంపలో వేసుకోరాదు. పొరుగువాని పైరులో చేతితో వెన్నులు తుంపుకోవచ్చు గాని కొడవలి వేయరాదు. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం చివర ఈ మాటలున్నాయి. రెండు హద్దులూ కలిపి చదవాలి. పరిగె విడవని రైతుకు పేదవాని కొడవలి గురించి మాట్లాడే అర్హత కొంత తగ్గుతుంది. కొడవలి పట్టుకొచ్చినవాడు తన పనిని పరిగె అనడానికి వీల్లేదు.

బయటి నుంచి చూసేవాళ్ళ సంగతి వేరు. మన దేశంలో ఫుట్‌బాల్‌కు పేరుపడ్డ ఊరు కలకత్తా. 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు తెల్లవాళ్ళ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన రోజున, మైదానం కనపడని జనానికి గోలుల లెక్క తెలియడానికి గాలిపటాలు ఎగరేశారు. తరువాతి కాలంలో క్లబ్బుల మైదానాల్లో చోటు దొరకని వారు ఫోర్ట్ విలియం కోట దగ్గరి మట్టి దిబ్బ మీద నిలబడి, అట్ట గొట్టాలకు అద్దాలు బిగించి ఆట చూసేవారు. మన సికింద్రాబాదు అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరాడు. 1962 జకార్తా ఏషియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులో అతనూ ఉన్నాడు. అలాంటివాడి ఆట ఆ దిబ్బ మీది నుంచి చూసినవాడు ఎవరి సొత్తూ ముట్టలేదు. పొట్టివాడైన జక్కయ్య మేడిచెట్టెక్కి ప్రభువును చూశాడు. చెట్టెక్కినందుకు అతణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు. అతను తిరిగి ఇవ్వవలసి వచ్చిన లెక్కలు వేరే.

ఇక గోడ దూకినవాడు. ఇతనికి సమ్మతి లేదు. గాజు పెంకులు పొదిగిన గోడ యజమాని ఇష్టమేమిటో స్పష్టంగానే చెబుతున్నది. "ఖాళీ ఉన్న చోటే గదా నిలబడ్డాను, ఎవరికి నష్టం?" అనే వాదన పైకి బాగానే ఉంటుంది. కానీ ఆ వాదన ఒక్కడికే పనిచేస్తుంది, అందరూ అదే అంటే గేటు దగ్గర ఒక్క పెన్నీ పడదు. డబ్బు లేనివాడి సంగతి ఒకటి. జేబులో డబ్బు ఉండి కూడా గోడ దూకిన వాళ్ళు తక్కువేమీ కాదు. ఆ డబ్బుతో మిఠాయి కొనుక్కోవచ్చన్నది ఒక కారణం, దూకడంలోని రుచి ఇంకొక కారణం.

ఆ రుచిని గురించి పునీత అగుస్తీను కంటె లోతుగా చెప్పినవారు లేరు. పదహారేళ్ళప్పుడు తోటి కుర్రాళ్ళతో కలిసి రాత్రివేళ పొరుగువారి బేరిచెట్టును దులిపిన సంగతి ఆయన తన ఆత్మకథ రెండవ భాగంలో రాశాడు. ఆకలి లేదు. ఇంట్లో అంతకంటె మంచి పండ్లున్నాయి. కోసినవి చాలా మటుకు పందులకు వేశారు. ఒంటరిగా ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాదంటాడు. ఇంత చిన్న సంగతికి ఇన్ని పేజీలా అని విసుక్కునేవారున్నారు. నాకైతే ఆ పేజీలు ఎక్కువనిపించవు. పండ్ల విలువను కాక తన మనసును తూచాడాయన. ఆజ్ఞ మీరాడు సరే, మీరిన కొలత చిన్నదే. పన్నెండేళ్ళవాడు గోడ దూకితే పాపసంకీర్తనంలో గురువు వేసే ప్రాయశ్చిత్తం కూడా చిన్నదిగానే ఉంటుంది, ఉండాలి కూడా. గోడ ఉందని ఆ పిల్లవాడికి తెలుసు. గుండె దడదడలాడింది అందుకే.

ఒక్కడు దూకితే నవ్వు వస్తుంది. వేలమంది దూకితే ఏమవుతుందో 1923 ఏప్రిల్ 28న లండన్‌లో తెలిసింది. కొత్తగా కట్టిన వెంబ్లీ స్టేడియంలో మొదటి ఎఫ్.ఏ. కప్పు ఫైనల్. లెక్కకు వచ్చినవారు 1,26,047 మంది. గోడలెక్కి, గేట్లు దాటి వచ్చినవారితో కలిపి రెండు లక్షలు మించారని అంచనా. జనం ఆటస్థలం మీదికే పొంగిపోతే గుర్రపు పోలీసులు మెల్లగా వెనక్కి నెట్టారు. ఆట ముప్పావు గంట ఆలస్యమైంది. చాలామంది గాయపడ్డారు, దేవుడి దయవల్ల ఎవరూ చనిపోలేదు. ముందుగా డబ్బు కట్టి సీటు కొనుక్కున్నవారిలో ఎందరో ఆ సీటు ముఖమే చూడలేదు. వారికి అసోసియేషను డబ్బు వాపసు ఇవ్వవలసి వచ్చింది. "ఎవరికి నష్టం" అన్న ప్రశ్నకు ఆ సీటు కొన్నవాళ్ళు ఒక జవాబు.

అలాగని ఈ వేలు ఎప్పుడూ పేదవాడి వైపే చూపడం కూడా న్యాయం కాదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిడి జరిగి లివర్‌పూల్ అభిమానులు నలిగిపోయారు. ఆ గాయాలతో తరువాత మరణించినవారితో కలిపి 97 మంది పోయారు. బయట ఒత్తిడి తగ్గించడానికి పెద్ద గేటు తెరవమన్నది పోలీసు అధికారులే. అయినా అభిమానులే గేటు పగలగొట్టుకుని దూరారని చెప్పారు. టిక్కెట్టు లేనివాళ్ళ వల్లే ఇదంతా అన్నారు. చనిపోయినవారు జవాబు చెప్పలేరు గదా. మరునాడే లివర్‌పూల్ కతోలిక కతీడ్రలులో వారి కోసం పూజ జరిగింది, లోపల చోటు చాలక వేలమంది బయట నిలబడ్డారు. న్యాయమూర్తి టేలర్ విచారణ ఆ నింద నిజం కాదని తేల్చింది. అవి చట్టవిరుద్ధ మరణాలని, అభిమానుల ప్రవర్తన అందుకు కారణం కాదని జ్యూరీ 2016లో ప్రకటించింది. పోయిన పిల్లల పేరు మీది మరక తుడవడానికి ఆ తల్లిదండ్రులకు 27 ఏళ్ళు పట్టింది. టిక్కెట్టు లేదన్న నింద ఎంత తేలికగా వేయవచ్చో, ఎంత కష్టంగా పోతుందో ఇక్కడ చూడవచ్చు.

ఆ దుర్ఘటన తరువాత పెద్ద క్లబ్బుల మైదానాల్లో నిలబడి చూసే చోట్లు తీసేసి అంతా సీట్లు వేశారు. భద్రత పెరిగింది, మంచిదే. టిక్కెట్ల ధరలూ పెరిగాయి. గోడ దూకే కుర్రాడు కనపడకుండా పోయాడు, చివరి పావుగంట కుర్రాడు కూడా పోయాడు. మొదటివాడి కోసం నేను బాధపడను. రెండవవాడి కోసం బాధపడుతున్నాను.

తిరిగి మన ఇళ్ళకు వద్దాం. అయిదేళ్ళు నిండని పిల్లలకు రైల్లో టిక్కెట్టు లేదు. ఏడేళ్ళ పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "టి.టి. అడిగితే నాలుగేళ్ళని చెప్పు" అని నేర్పే తండ్రిని మనం అందరం చూశాం. పిల్లవాడు నేర్చినట్టే చెబుతాడు. పెట్టెలో వాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. మిగిలింది ఒక అర టిక్కెట్టు. గోడ దూకిన పిల్లవాడి గుండె దడదడలాడింది, ఈ పిల్లవాడి గుండె దడదడలాడదు. నాన్న చెప్పినట్టు చెప్పాడు, ఇందులో తప్పేముంది? రెండింటిలో ఏది పెద్దదని అడిగితే నేను క్షణం తటపటాయించను.

తిరిగి చెల్లించడం గురించి కూడా అడుగుతారు. తీసుకున్నది తిరిగి ఇవ్వాలన్నది శ్రీసభ పాత బోధన. యజమాని దొరకకపోతే పేదలకు ఇవ్వమంటారు నీతిశాస్త్రజ్ఞులు. అరవై ఏళ్ళ కిందటి టూరింగ్ టాకీసు డేరా ఎప్పుడో చిరిగిపోయింది, యజమాని ఎక్కడున్నాడో తెలియదు. నేల టిక్కెట్టు కొనలేని పిల్లలు మాత్రం ఇంకా ఉన్నారు, వేరే గేట్ల ముందు.

తాతలు ఈ కథ చెప్పడం మానవద్దు. మంచి కథ అది. కాకపోతే చెప్పేటప్పుడు గేటు దగ్గరి మనిషిని కూడా కథలోకి తీసుకురండి. అతను ఎలా ఉండేవాడు, ఎంత జీతం, ఎంతమంది పిల్లలు, ఆ రాత్రి లెక్క తక్కువ వస్తే యజమానికి ఏం చెప్పుకున్నాడు అని మనవడు ఎలాగూ అడుగుతాడు.