వంగపూత, తుమ్మెద

పెరట్లో వంగమొక్క ఉంటే ఈ పూట ఒక పువ్వును దగ్గరగా చూడండి. ఊదారంగు రేకుల నడుమ పసుపుపచ్చని కేసరాలు, వాటి కొనల్లో సన్నని రంధ్రాలు. పుప్పొడి లోపలే ఉంటుంది. తేనె మాత్రం చుక్క కూడా ఉండదు, అంత పిసినారి పువ్వు! తేనెటీగకు ఆ పుప్పొడి సరిగా చిక్కదు. నల్ల తుమ్మెద అయితే కేసరాలను గట్టిగా పట్టుకుని, ఛాతీ కండరాలు అదిరిస్తూ ఝుమ్మంటుంది. పుప్పొడి జలజలా రాలి దాని పొట్టకు అంటుకుంటుంది, కొంత పువ్వు నడుమ సన్నని కాడలా ఉండే కీలం కొనకు చేరుతుంది.

అంతమాత్రాన కాయ పడుతుందనుకోకండి. కీలం కేసరాలను దాటి బయటికి వచ్చిన పూలే బాగా కాస్తాయి. పొట్టి కీలం పూలు చాలావరకు రాలిపోతాయి, అది మొక్క తీరు. పూత రాలుతోందని మందు డబ్బా అందుకునే ముందు ఆ పొడవు చూడండి. మందు తప్పదంటే సాయంత్రం కొట్టండి, పూల మీద తుమ్మెదలు తిరిగేది పగటిపూటే.