పక్కింటి పిల్ల మీద నా హక్కెంత?

బిడ్డను ఏ మాధ్యమంలో చదివించాలో తేల్చుకునే హక్కు తల్లిదండ్రులదే, ప్రభుత్వానిది కాదని 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషను కర్ణాటక ప్రభుత్వం తప్పనిసరి చేయబోతే వచ్చిన తీర్పు అది. బడికి సీబీఎస్ఈ ఉండాలా, స్టేట్ బోర్డు ఉండాలా అని తల్లిదండ్రుల కమిటీలో చర్చ లేచినప్పుడు, ఆ తీర్పు సంగతి తెలిసినా తెలియకపోయినా, ఆసరా చేసుకునేది ఈ హక్కునే. మా పిల్లలు, మా ఇష్టం అంటారు. ఒక తల్లి తన బిడ్డ గురించి ఆ మాట అంటే నేను తలవంచుతాను. కానీ పదిమంది కూర్చుని తీర్మానం రాసేసరికి ఆ మాటకు అర్థం మారిపోతుంది. నా బిడ్డ విషయంలో నా మాట ఎందుకు చెల్లుతుంది? ఆ బిడ్డ మంచిచెడ్డలు మోసేదాన్ని నేనే కాబట్టి. పక్కింటి పిల్ల మంచిచెడ్డలు నేను మోయను. ఆ పిల్ల ఏ పరీక్ష రాయాలో చెప్పే హక్కు నాకు లేదు. నాకు లేని హక్కు, నాలాంటి పదిమందిమి ఒకచోట చేరినంత మాత్రాన పుట్టుకురాదు. అఫిలియేషన్ మీద కమిటీ మెజారిటీతో విభేదించేవాళ్ళు గొంతు తగ్గించుకోనక్కర్లేదని నేననేది ఇందుకే.

చట్టం కూడా కమిటీకి అంత బరువు అప్పగించలేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం ముప్పాతిక భాగం తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎక్కడికి పోతున్నాయో కనిపెట్టడం వాళ్ళకు చెప్పిన ముఖ్యమైన పనులు. బోర్డు ఎంచుకోవడమనేది ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ప్రైవేటు బడుల్లోనైతే దరఖాస్తు పెట్టేది యాజమాన్యం. తల్లిదండ్రుల కోరిక దానికి దన్ను మాత్రమే. అయినా 'తల్లిదండ్రులే అడిగారు' అన్న మాటకు మన దగ్గర తిరుగులేని విలువ వచ్చేసింది. 2020 ఏప్రిల్ 15న బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేసిన జీవోలు 81, 85లను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేశాక, రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి నుంచీ తల్లిదండ్రుల ఐచ్ఛికాలు తెప్పించి 96.17 శాతం ఇంగ్లీషే కోరారని ప్రకటించింది. ఆ అంకె అబద్ధమని నేననను. ఆ కోరిక వెనక ఉన్న ఆశ నాకు తెలుసు. కానీ 2025 మార్చి పదో తరగతి పరీక్షలకు తెలుగులో రాసే వీలు కల్పిస్తే, యాభై వేలకు పైగా పిల్లలు తెలుగులోనే రాశారు. ఈ రెండు లెక్కలూ ఒకే పిల్లలవి కావు, తూకం వేసి చూపడానికి పనికిరావు. అయినా ఒక్కటి తోస్తుంది. సంతకం పెట్టేటప్పుడు పెద్దవాళ్ళు చూసేది పదేళ్ళ తర్వాతి ఉద్యోగం. పరీక్ష హాల్లో పిల్ల చూసేది ముందున్న ప్రశ్న.

సీబీఎస్ఈ వల్ల మేలు పొందేవాళ్ళు మన నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో లేరా అంటే, ఉన్నారు. తరచు బదిలీ అయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల కోసం 1962లో ఆ బోర్డును పునర్వ్యవస్థీకరించారు. ఊరు మారినా చదువు తెగకూడదన్నది దాని మూల ఉద్దేశం. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇవాళ ఇక్కడ, రేపు మరో రాష్ట్రంలో పనిచేసే ఇంజినీర్ల కుటుంబాలకు అది నిజంగా అవసరం. 2014లో రాష్ట్రం విడిపోయాక కోదాడకు, జగ్గయ్యపేటకు నడుమ రాష్ట్ర సరిహద్దు పడి, అటు ఒక బోర్డు, ఇటు ఒక బోర్డు అయ్యాయి. హద్దు దాటి బతికేవాళ్ళకు రెండు వైపులా ఒకే సిలబస్ ఉంటే ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు. ఈ వాదనను నేను చిన్నచూపు చూడను. మిగతా వాదనలన్నిటికన్నా గట్టిది ఇదే. కాకపోతే బదిలీ బతుకు ఇంజినీరుకే పరిమితం కాదు. పత్తి తీతకు, మిరప కోతలకు ఊళ్ళు మారే కూలీలూ ఉన్నారు. వాళ్ళ పిల్ల నెల రోజులు బడికి రాకపోతే తిరిగొచ్చాక పట్టుకుని కూర్చోబెట్టి చెప్పే టీచరు కావాలి, తల్లికి అర్థమయ్యే భాషలో ప్రోగ్రెస్ కార్డు కావాలి. బోర్డు మార్పు ఈ రెండిట్లో ఏదీ ఇవ్వదు.

పుస్తకాల సంగతి చూసినా అంతే. రాష్ట్ర బోర్డు కూడా ఎనిమిదో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలకు మారుతూ 2024-25కి పదికి చేరింది. కనుక సీబీఎస్ఈ అనగానే తల్లిదండ్రుల మనసులో మెదిలే 'ఢిల్లీ పుస్తకం' చాలామటుకు పిల్ల సంచిలోకి వచ్చేసింది. మారేది పరీక్ష. టెన్త్‌లో మూడు భాషల బదులు రెండు, బట్టీ పట్టి రాయలేని ప్రశ్నలు సగం దాకా. ఆ ప్రశ్నలు మంచివే. వాటికి తగ్గట్టు ఆరో తరగతి నుంచి పాఠం చెప్పించకుండా పదిలో పరీక్ష ఒక్కటే మారిస్తే ఏమవుతుందో రాష్ట్రమంతా చూసింది. 2022 తర్వాత వెయ్యి ప్రభుత్వ బడులకు సీబీఎస్ఈ అఫిలియేషన్ తెచ్చారు. 2024 సెప్టెంబరులో, పిల్లలు ఆ తరహా పరీక్షకు సిద్ధంగా లేరని అంచనా పరీక్షల్లో తేలిందంటూ, పదో తరగతి వాళ్ళను తిరిగి రాష్ట్ర బోర్డుకు మార్చారు. అప్పటికి పరీక్షకు ఆరు నెలలే ఉంది. డెబ్బై వేలకు పైగా పిల్లల సంగతి ఇది. వెనక్కి తిప్పడం తప్పని నేననను, తెలిసి తెలిసి ఫెయిలయ్యే పరీక్షకు పంపడం అంతకన్నా తప్పు. కానీ తెచ్చినప్పుడు గానీ తీసేసినప్పుడు గానీ ఆ మార్పును నెత్తిన మోసింది తొమ్మిది, పది తరగతుల పిల్లలే.

నాకు అన్నిటికన్నా కష్టంగా తోచే ప్రశ్న వేరే ఉంది. 'ఉన్నోళ్ళ పిల్లలు విజయవాడలో సీబీఎస్ఈ చదవొచ్చు, మా పిల్లలకు మాత్రం వద్దా?' ఈ మాటలో తరాల నొప్పి ఉంది. మాతృభాష గొప్పదనం గురించి నీతులు చెప్పే పెద్దమనుషులు తమ మనవళ్ళను ఎక్కడ చదివిస్తున్నారో పేదవాడికి కనిపిస్తూనే ఉంది. అందుకే సీబీఎస్ఈ వద్దనడం నా వాదన కాదు. సమానత్వం కావాలంటే సమానంగా ఇవ్వవలసినవి అడగాలి: ప్రతి సబ్జెక్టుకు టీచరు, తాళం తీసి ఉండే ల్యాబు, అయిదో తరగతి దాకా తెలుగులో గట్టిపడిన చదువు, దాని మీద కట్టిన ఇంగ్లీషు. అవి ముందు వచ్చి బోర్డు వెనక వస్తే నేనూ ఆ తీర్మానం మీదే సంతకం పెడతాను. బోర్డు పేరు ముందొచ్చి అవి రాకపోతే, ఆ పేరు పేదవాడి బిడ్డ మీద ఇంకో పరీక్ష భారమై కూర్చుంటుంది.

ఒక బడికి రెండు బోర్డులు కుదరవు కదా, ఎక్కడో ఒకచోట తేల్చాలి కదా అంటారు. నిజమే, తేల్చాలి. చేతులెత్తి లెక్కపెట్టడం కన్నా మెరుగైన పద్ధతి నాకూ తెలియదు. మెజారిటీకి పని జరిపించే అధికారం వస్తుంది. కాదన్నవాళ్ళది తప్పని రుజువు కాదు. నచ్చకపోతే టీసీ తీసుకోండి అనే జవాబు మాత్రం నందిగామ టౌనులో నాలుగు బడుల మధ్య ఉన్నవాళ్ళకు చెల్లుతుందేమో, ఊరికి ఒకే హైస్కూలు ఉన్నచోట చెల్లదు. సమావేశానికి ఎవరు రాగలిగారన్నదీ చూడాలి. ఫిబ్రవరిలో పనిరోజున మీటింగు పెడితే మిరప తోటలో ఉన్న తల్లి ఒక పూట కూలి పోగొట్టుకుని రావాలి. ఆమె రాకపోవడాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటే అది ఆమెకు అన్యాయం.

అందువల్ల కాదన్నవాళ్ళు కమిటీ వదిలేసి పోకూడదు, మౌనంగానూ ఉండిపోకూడదు. తాము ఎందుకు కాదంటున్నారో మినిట్స్ పుస్తకంలో రాయించాలి. రెండేళ్ళ తర్వాత ఫలితాలు చూసుకునేటప్పుడు ఆ పేజీ అవసరం పడుతుంది. మార్పు తప్పదనుకుంటే కింది తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి పెంచమని, ఇప్పటికే ఎనిమిది దాటిన పిల్లలను మొదలుపెట్టిన బోర్డులోనే ముగించనివ్వమని పట్టుబట్టాలి. ఓటు వేసిన తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలు రెండు మూడేళ్ళలో టెన్త్ రాసి వెళ్ళిపోతారు. ఆ బోర్డులో పదేళ్ళు చదవవలసినవాళ్ళు ఇంకా ఊరి అంగన్‌వాడీలో ఉన్నారు. తీర్మానం రాసే ముందు కబురు పంపవలసింది వాళ్ళ తల్లులకు, అదీ కోతలు అయ్యాక, సాయంత్రం పూట.