నారు పోయు వేళ

విత్తనము నెప్పుడు చల్లవలెనను ప్రశ్న రైతునకు సంబంధించినదే గాని ధర్మవిచారము చేయువారికి సంబంధించినది కాదని నేను చిరకాలము తలచియుంటిని. ధర్మసందేహములన్నంతనే మనకు జ్ఞప్తికి వచ్చునవి పెద్దవి: సత్యము పలికి యొకని ప్రాణములకు ముప్పు తెచ్చుట తగునా, తండ్రి యాజ్ఞ యన్యాయమైనచో పాటింపవలెనా, యిట్టివి. ఎకరమున్నర తోటకు టమాటనారు నేడు పోయవలెనా, పక్షము దినములు తాళి పోయవలెనా యనునది వీని సరసను కూర్చుండదగిన ప్రశ్నగా నాకు తోచలేదు. తోచునట్లు చేసిన యుదంతము నొకదానిని చెప్పెదను.

మదనపల్లె ప్రాంతమున మా తండ్రిగారివలన సంక్రమించిన కొలదిపాటి భూమి నాకు కలదు. నేను బడిపంతులను. సంస్కృతమును ఇంగ్లీషును చెప్పుకొని బ్రదుకువాడనే గాని మేడి పట్టి యెరుగను. కావున భూమిని గుత్తకిచ్చితిని. పంట పండినను ఎండినను ఏటేట నిర్ణీతమైన సొమ్ము నాకు ముట్టవలెను. అదియే గుత్త. ఈ సంగతి చదువరులు మరువకుందురు గాక. నేను చాలకాలము మరచితిని.

2023 జూలై నెలలో నొకనాటి సాయంకాలము మా గుత్తదారు వచ్చి వసారాలో కూర్చుండి, "అయ్యవారూ, టమాటకు నారు ఇప్పుడే పోయమంటారా, కొన్నాళ్లు చూడమంటారా?" అని యడిగెను. ఆ దినములలో టమాట కిలో నూరురూపాయలు దాటి యింకను పైకి పోవుచుండెను. ఏ పత్రిక తెరచినను అదియే వార్త. కేంద్రప్రభుత్వమే సరకు కొని డిల్లీ మొదలగు నగరములలో తక్కువ ధరకు అమ్మించుచుండెను. మా యింటి చారులో టమాట మాయమై చింతపండొక్కటియే మిగిలియుండెను. నేను చేతిలోని పత్రికను మడిచి, "ఇంక చూచుట కేమున్నది? రేపే పోయించుము" అంటిని. అతని భార్య గడప కావల నిలిచియుండి, "విత్తనం మూడు పాళ్లు చేసి, పదైదు దినాలకొక పాలు పోస్తే కాదా?" అని మెల్లగా ననెను. నేను నవ్వి, "అరమనసుతో చేసిన పని ఫలింపదమ్మా" అంటిని. తరగతిలో పిల్లలకు చెప్పి చెప్పి నోటికి వచ్చిన వాక్యమది. ఆలోచించి చెప్పినది కాదు.

ఇచ్చట టమాటపైరు స్వభావము కొంత చెప్పవలసియున్నది. గింజ మొలచుటకు వారము దినములు పట్టును. నారు 25 మొదలు 30 దినములు మడిలో పెరుగవలెను. నాటిన పిదప మొదటి కోతకు 60, 70 దినములు కావలెను. అనగా నారుమడి ముందు కూర్చున్నవాడు మూడునెలలకు పైబడిన కాలము నావలి యాకాశమును, బజారును ఊహింపవలెను. పగటి యెండ 35 డిగ్రీలు మించినచో పుప్పొడి చెడి పూత రాలును. రాత్రులు 15, 20 డిగ్రీల నడుమ చల్లగా నున్నచో కాయ చక్కగా పట్టును. వేసవిలో తెల్లదోమ యొక మొక్కనుండి వేరొక మొక్కకు ఆకుముడతను మోసికొని పోవును. అందుచేతనే నారుపై సన్నని వల కప్పుదురు. వానలు ముదిరినచో మడిలో నారుకుళ్ళు, తోటలో ఆకుమాడు. మదనపల్లె సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైగా నున్నది గనుక మైదానపు సీమలలో ఎండకు పూత నిలువని దినములలో గూడ నిచ్చట కాయ పట్టును. ఆ యూరి మండీలకు వేసవిలో దూరదేశపు లారీలు వచ్చుట కిదియొక కారణము. ఇప్పుడు చాలమంది మడి కట్టుట మాని, నర్సరీలలో కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో పెరిగిన నారు కొందురు. దానివలన నడుము నొప్పి తగ్గినది గాని నిర్ణయము తప్పలేదు. నర్సరీవానికి నెలదినములు ముందుగా చెప్పకున్న నారు దొరకదు.

ఇంతటి చిక్కుపంటకు మన పెద్దలు కార్తె నిర్ణయింపలేదు. నిర్ణయించుట కది వారి యెదుట లేదు. దక్షిణామెరికాలో పుట్టి, మెక్సికోవారి చేతులలో పెరిగి, పదునారవ శతాబ్దమున స్పెయినువారి వెంట ఐరోపా చేరి, ఆ ఐరోపావారితో మన రేవులకు దిగిన పండిది. మనవారు రామములగ యని పేరుపెట్టి దానిని కులమున కలుపుకొన్నారు గాని, శ్రాద్ధపు వంటలో చేరనీయని యిండ్లు నేటికిని కలవు. వరికిని జొన్నకును తాతలు చెప్పిన మాట యొకటి యుండును; టమాటరైతునకు తాతమాట లేదు. అతడు ఎవరినో యొకరిని అడుగవలసినదే. నన్నడిగెను.

కార్తెలను గూర్చి నాకు కొంత తెలియునను గర్వముండెడిది. సూర్యుడు నక్షత్రమండలమున నున్న స్థానమును బట్టి కార్తె, అయనమును బట్టి ఋతువు. ఈ రెండును సుమారు డెబ్బదియేండ్ల కొక దినము వంతున నెడబాయుచుండును. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడే బృహత్సంహితలో, పూర్వము ఆశ్లేష నడుమ జరిగిన దక్షిణాయనారంభము తన కాలమున కర్కాటకాదియందు జరుగుచున్నదనియు, భేదము కన్పడినచో ప్రత్యక్షముగా పరీక్షించి తెలిసికొనవలెననియు చెప్పినాడు. నేడది యారుద్రకార్తె మొదటనే, జూన్ 21 ప్రాంతమున, జరిగిపోవుచున్నది. శాస్త్రకారుడే చూడుమన్నచోట చూడక, పంచాంగము తిప్పి ముహూర్తము పెట్టుకొనువారిని నేను ఏటేట తరగతిలో పరిహసింతును. పిల్లలును నవ్వుదురు.

నేను చేసినదేమి? పంచాంగమునకు మారుగా ధరలపట్టిక తిప్పితిని. నాటి ధర నాడు బజారుకు వచ్చిన కాయకు సంబంధించినది. ఆ కాయ గింజగా నున్నది మార్చిలోనో ఏప్రిల్‌లోనో. అప్పుడు పోసినవారు తక్కువ యగుటయు, నిలిచిన తోటలను ఎండయు తెగులును తినుటయు ఆ ధరకు కారణములు. అది గడచినదాని లెక్కయే గాని రాబోవుదాని జాడ కాదు. అంతే కాదు, నేను నవ్విన పంచాంగమున కొక గుణము కలదు. ఊరంతయు నొక్క కార్తెను నమ్మి విత్తినంతమాత్రమున వానచినుకొకటియు తగ్గదు. ధర యట్లు కాదు. దానిని చూచి ఊరంతయు విత్తినచో, చూచిన యా ధరయే యుండదు. ఒక్కడు చేసిన వివేకమగు పని పదివేలమంది చేయగా నాశమగుట కింతకన్న స్పష్టమైన దృష్టాంతము నేనెరుగను. ఆ పదివేలమందిలో నొక్కడును తప్పు చేయలేదు. అందరును పత్రిక చదివిరి.

సెప్టెంబరు నాటికే ధర విరిగి, రాయలసీమ మార్కెట్లు కొన్నిటిలో కిలో పదిరూపాయలకు లోబడిపోయెను. మాతోట కోతకు వచ్చినది అక్టోబరున. కోతకూలియు బండిబాడుగయు పోగా పెట్టెకు మిగిలినది చెప్పుకొనుటకు సిగ్గు. మూడు కోతలు కోసి నాలుగవది చెట్టుననే వదలివేసిరి. మండీవాని వద్ద తెచ్చిన పెట్టుబడి యప్పుగా నిలిచెను. అట్టి స్థితిలో గూడ మా గుత్తదారు గడువునాటికి గుత్తసొమ్ము తెచ్చి నా బల్లపై నుంచెను. నేను నోరు తెరువక మునుపే, "మన రాత అయ్యవారూ, మీరేం చేస్తారు?" అనెను.

ఆ మాట నన్ను గాయపరచినంతగా ఏ నిందయు గాయపరచియుండదు. విధివాదమును ఖండించుచు నేను ఉపన్యాసములిచ్చినవాడను. బీదవానిని బీదగా నుంచుటకు కనిపెట్టిన మాట యది యనియు చెప్పియున్నాను. అట్టి నాకు ఆనాడు విధి యొక గొడుగై నిలిచెను. గొడుగు పట్టినవాడు తడియుచుండెను. నేను పొడిగా నుంటిని. మన సంస్కారవాదులలో నెందరము విధిని బహిరంగముగా నిందించి, అవసరము పడినపుడు దాని క్రింద నిలుచుచున్నామో లెక్కించుకొనవలెను.

ఈ సంగతి నొక ప్లీడరు మిత్రునితో చెప్పగా నాతడు నన్ను మందలించెను. "అతడు పసివాడా? అడిగెను, తెలిసినంత చెప్పితివి. మోసము లేదు, స్వార్థము లేదు. ఫలము మన చేతిలో లేదని గీతలో చదువలేదా?" అనెను. మొదటి మాటకు నేను బదులు చెప్పలేకపోతిని. మోసము నిజముగా లేదు. కాని గీత ప్రసంగము వచ్చినపుడు నాకు వెలుగు తగిలినది. ఫలాసక్తిని విడువుమని చెప్పబడినది కర్మ చేయువానికి, తన ఫలమును గూర్చి. నేను విడిచినది పరుని ఫలము. అంత సులభముగా విడువదగిన వస్తువు లోకమున మరియొకటి లేదు. నా గుత్త నాకు రావలసియే యుండగా "రేపే పోయించుము" అనుటకు నాకేమి ధైర్యము కావలెను? ఆ మాటలోని దృఢత్వమంతయు నా నష్టము లేమి నుండి వచ్చినది. నా జ్ఞానము నుండి కాదు. నష్టము నాది గూడ నైయుండిన, అడిగిన మరుక్షణమున పత్రిక మడిచి జవాబు చెప్పియుందునా? రెండురాత్రులు నిద్ర పోక, నలుగురిని విచారించి, చివరకు నాకు తెలియదని యైనను ఒప్పుకొనియుందును.

తెలియదని చెప్పిన చాలునా యని యెవరైన అడుగవచ్చును. చాలదనియే నా యభిప్రాయము. తెలియదని చెప్పి లోపలికి పోవుట చదువుకొన్నవాడు చేయు రెండవ తప్పు. తెలిసినను తెలియకున్నను నారు పోయక తప్పదు. ఋతువు మన సందేహములు తీరువరకు నిలువదు. కాలమును నిరీక్షించుట గూడ నొక నిర్ణయమే, దానికిని నష్టము కలదు. నాటి రాత్రి నుండి నాకు మరలమరల జ్ఞప్తికి వచ్చినది గడప కావలి మాట. మూడు పాళ్లు చేసి పోయుట అరమనసు కాదు. ఒక పాలు ఎండ తిన్నను, ఒక పాలు ధర తిన్నను, ఒక పాలు నిలుచును. తన కెంత తెలియదో కొలిచి, ఆ కొలతకు తగినట్లు విత్తనమును పంచిన బుద్ధి యది. నాలుగవ కోత వరకు వంగి కోయువారెవరో, అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేయువారెవరో వారికి సహజముగా వచ్చు బుద్ధి. స్త్రీవిద్యను గూర్చి నేను వ్రాసిన వ్యాసములు రెండు మూడు కలవు. నా వసారాలో నొక స్త్రీ చెప్పిన ఒకేయొక సరియైన మాటను నవ్వి త్రోసివేసితినని వానిలో నెచ్చటను లేదు.

గుత్తసొమ్ములో సగము తిరిగి ఇచ్చితిని. అతడు పుచ్చుకొనుట కిష్టపడలేదు, బలవంతము చేయవలసివచ్చెను. దానితో నా మనసు కుదుటబడినదని చెప్పిన అబద్ధమగును. దానము చేసినవాని ముఖము నాకు వచ్చుచుండెను. దానిని చూచి నాకే రోత కలిగినది.

2024 జనవరిలో, వేసవి పంటకై నర్సరీవానికి చెప్పవలసిన దినములు వచ్చినవి. అతడు మరల వచ్చి అదే చోట కూర్చుండి, అదే ప్రశ్న యడిగెను. నేను గుత్త తీసివేసి పాలు పెట్టుదమని, పెట్టుబడిలో సగము నాదని చెప్పి, అతని భార్యను గూడ పిలువుమంటిని. ఆమె వచ్చి స్తంభము ప్రక్కన నిలిచెను. ఎప్పుడు పోయుదమమ్మా యని యడిగితిని. ఆమె వెంటనే బదులు చెప్పలేదు. నావంక కొంతసేపు చూచి, "నష్టమొస్తే అందులో మీ పాలెంత, అయ్యవారూ?" అనెను.

"సగము" అంటిని.

ఆమె తలయూచి, మొదటి పాలు ఈ వారములో, రెండవది నెల కడపట, మూడవది అప్పటి ఎండను చూచి యని చెప్పెను. నేను చేతిలోని పత్రిక వెనుకవైపున వ్రాసికొంటిని.