కళాభిలాష - గృహస్థధర్మము

మొన్న మా మెదకు పాఠశాలలో ఒక బాలుడు లెక్కల పుస్తకపు అంచున బొమ్మ గీయుచుండగా పట్టుకొంటిని. బతుకమ్మను పేర్చుచున్న తన తల్లిని గీసినాడు. "ఇది కూడు పెట్టునా?" అని గద్దించితిని. వాడు తల వంచుకొనెను. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ మాటనే నాతో నొకరనిరి. నాటితో నా కుంచె పెట్టెలో చేరినది. నాకు తగిలిన గాయమునే నేను మరియొకనికి చేసితిని.

కావున ఈ ప్రశ్న నాకు పుస్తకములలోనిది కాదు. చిరకాలముగా మనసున దాచుకొన్న కళాభిలాషను గృహస్థుడు అనుసరింపవచ్చునా? అది స్వార్థము కాదా?

లోకులు దీనికి రెండు విధములుగా సమాధానము చెప్పుదురు. "సంసారము ముందు, కళ తరువాత" అని కొందరందురు. ఆ తరువాత యనునది ఎన్నడును రాదు. "కళకై సర్వమును త్యజింపుము" అని మరికొందరందురు. త్యజింపబడినవారి యాకలిని వారు లెక్కింపరు. ధైర్యము పిరికితనమునకును దుస్సాహసమునకును నడుమ నుండునని అరిస్టాటిలు చెప్పెను. ఆ నడిమి త్రోవను చూచుటకు మనము దూరము పోనక్కరలేదు.

చిత్రకారులు కాపు రాజయ్యగారు 1925లో సిద్దిపేటలో జన్మించిరి. 2016 వరకును ఆ పట్టణము మా జిల్లాలోనిదే. వారు డ్రాయింగు ఉపాధ్యాయులుగా పనిచేసిరి. కులపురాణములు చెప్పుచు ఊరూర తిరుగువారి కొరకు నకాషీలు బట్టపై చింతగింజల అంబలియు, సుద్దమట్టియు, జిగురును పూసి పటములు వ్రాయుదురు. చదువుకొన్న మనము పల్లెటూరి పనియని చిన్నచూపు చూచు ఆ కళనుండియే రాజయ్యగారు తమ శైలికి ప్రాణము తెచ్చుకొనిరి. బోనములను, బతుకమ్మను, రాళ్లు మోయు వడ్డెర స్త్రీలను చిత్రించిరి. సిద్దిపేటలో లలితకళాసమితిని స్థాపించి పిన్నలకు దారి చూపిరి. 2012లో స్వర్గస్థులైరి.

వారు కళకై జీతమును విడువలేదు, ఊరును విడువలేదు. నలుగురేమందురో యను సిగ్గును మాత్రము విడిచిరి. మనలను ఆపునది ఆకలి యని చెప్పుకొందుము గాని, విచారించి చూచినచో పెక్కుసారులు అది సిగ్గే. రఘువంశారంభమున కాళిదాసు సైతము తన్ను చూచి లోకము నవ్వునేమో యని సంకోచించెను. సంకోచించియు వ్రాసెను. ధైర్యమనగా సంకోచము లేకుండుట కాదు.

"అందరికిని అంతటి ప్రతిభ యుండునా?" యని మీరడుగవచ్చును. ఉండదు. నాకు లేదు. కాని తన కోరికను పాతిపెట్టినవాడు దాని మూల్యమును ఇంటివారివద్ద వసూలు చేయును. పిల్లల యుత్సాహము వానికి కంటకమగును. దీనికి ఆ బాలునిపై నేనాడిన మాటయే సాక్ష్యము. కావున కళాభిలాషను అణచుకొనుట త్యాగమని గర్వింపరాదు.

అయితే ఒక ఋణము కలదు. పురుషుడు తన కళకై తీసికొను గంట ఎవరి పనిలోనుండి వచ్చుచున్నది? ప్రతి యుదయము వాకిట ముగ్గు తీర్చు ఇల్లాలి చేతిలో కళ లేదా? దానిని అలవాటనియు, మన దానిని సాధన యనియు పిలుచుట న్యాయము కాదు. తనకొక గంట కోరువాడు ఆమెకును ఒక గంట నీయవలెను. ఆ గంటలో పొయ్యివద్ద తాను కూర్చుండవలెను. ఇట్లు పంచుకొన్ననాడే కళ గృహధర్మమునకు విరోధి కాదు.

మరునాడు ఆ బాలునికి గీతలులేని పుస్తకము నొకటి యిచ్చి, లెక్కలు లెక్కల పుస్తకములోనే చేయుమంటిని. సాయంకాలము నా పెట్టె తెరచితిని. కుంచె వెండ్రుకలను పురుగులు తినివేసినవి. బజారులో క్రొత్తది కొని, మా పెరటిలోని వేపచెట్టును గీసితిని. మా అమ్మాయి చూచి, "నాన్నా, ఇది గొడుగా?" అని నవ్వినది. నేనును నవ్వితిని. ఇరువదియైదేండ్లు నేను భయపడినది ఈ నవ్వునకే గదా!